ఎజెండా ముందు మనకివ్వండి

మునిసిపల్ కౌన్సిల్ సమావేశం జరిగిన మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్త ఏ ఊరిదైనా దాదాపు ఒకేలా ఉంటుంది. పైన "కౌన్సిల్ సమావేశం రసాభాస" అని శీర్షిక. పక్కన చైర్‌పర్సన్ పోడియం ముందు బైఠాయించిన సభ్యుల ఫొటో. తాగునీళ్ళ మీద ప్రతిపక్షం నిలదీసింది, అధికారపక్షం ఎదురు తిరిగింది, మైకులు కట్ అయ్యాయి, ఎవరో వాకౌట్ చేశారు. ఇదంతా చదివాక అట్టడుగున ఒక్క వాక్యం ఉంటుంది: అనంతరం ఎజెండాలోని అంశాలన్నింటినీ సభ ఆమోదించింది.

నన్నడిగితే అసలు వార్త ఆ ఒక్క వాక్యమే. గొడవ సాయంత్రానికి సద్దుమణుగుతుంది. కుర్చీలో ఉన్నవాళ్ళూ, దాని ముందు బైఠాయించినవాళ్ళూ ఆ వారంలోనే ఏదో పెళ్ళి రిసెప్షన్‌లో పక్కపక్కన నవ్వుతూ కనిపిస్తారు. పాసైన అంశాలు మాత్రం ఎక్కడికీ పోవు. మన ఇంటి పన్ను నోటీసులో ఒకటి, మన వీధి తవ్వకంలో ఒకటి, కాలనీ పార్కు స్థలంలో రాత్రికి రాత్రి వెలిసిన బోర్డులో ఒకటి, అలా విడివిడిగా బయటపడుతూ ఉంటాయి. అప్పుడు మనం కౌన్సిలర్ దగ్గరికి పరుగెత్తుతాం. "కౌన్సిల్లో పాసైపోయిందండీ, ఇప్పుడేం చెయ్యగలం" అంటాడాయన. అబద్ధమేమీ చెప్పడు. పాసైన రోజు చెయ్యెత్తినవాళ్ళలో తానూ ఉన్న సంగతి మాత్రం చెప్పడు. చాలాసార్లు ఆయనకే అది గుర్తుండదు.

పట్టణవాసికి అయిదేళ్ళకోసారి ఓటు ఉంది. పని చెడ్డాక అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. ఈ రెండింటికీ మధ్యలో ప్రతి నెలా కొన్ని రోజులుంటాయి. ఎజెండా సభ్యుల చేతికి వెళ్ళిన దగ్గర్నుంచి సభ మొదలయ్యేదాకా ఉన్న రోజులవి. ఒక ప్రతిపాదనని మార్చాలన్నా, ఆపాలన్నా, కనీసం ఇదేమిటని అడగాలన్నా పనికొచ్చే రోజులు అవే. మనకి ప్రవేశం లేనిది కూడా సరిగ్గా వాటిలోకే. అందుకని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఎజెండా మొత్తం, అంచనా కాగితాలతో సహా, తెలుగులో, సభకి వారం ముందు మునిసిపాలిటీ వెబ్‌సైట్లో పెట్టాలి. ఒక ప్రతి ఆఫీసు నోటీసు బోర్డుకి అంటించాలి. అందులో లేని అంశాన్ని వరదో అంటురోగమో వస్తే తప్ప సభలోకి తేకూడదు.

ఎజెండా ఎలా ఉంటుందో చూడనివాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి కాస్త చెప్తాను. అంశం నంబరు, కింద ఒక పొడవాటి పేరా, చివర "కౌన్సిల్ వారి పరిశీలన, ఆమోదం నిమిత్తం" అన్న పడికట్టు ముగింపు. పేరా సగం ఆఫీసు తెలుగు, సగం ఇంగ్లీషు పొట్టి అక్షరాలు. ఫలానా వార్డులో ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు సీసీ డ్రెయిను, అంచనా ఇంత, జనరల్ ఫండ్ నుంచి. బోర్ల మరమ్మతులకి మోటార్ల కొనుగోలు. పారిశుధ్య విభాగంలో ఔట్‌సోర్సింగ్ కార్మికుల కొనసాగింపు. మునిసిపల్ కాంప్లెక్సులో గడువు తీరిన షాపుల లీజు. ఇలా డజన్ల కొద్దీ. ఒక్కోటి చదివితే నిద్రొస్తుంది. నిద్రొచ్చేలా రాయడం కూడా ఒక నైపుణ్యమేనేమో అని నాకు అనుమానం.

కానీ ఆ షాపుల లీజు అంశాన్నే తీసుకోండి. గడువు తీరిన షాపులకి మళ్ళీ బహిరంగ వేలం పెట్టాలా, అద్దె కొంత పెంచి పాతవాళ్ళకే కొనసాగించాలా అన్నది అందులోని ప్రశ్న. బజారు సెంటర్లో ఉన్న మునిసిపల్ షాపు అద్దెకీ, దాని పక్కనే ఉన్న ప్రైవేటు షాపు అద్దెకీ తేడా ఎంతో ఆ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్ళాలన్నదే తీర్మానం. లీజు ఒకరి పేరు మీద, షాపు నడిపేది ఇంకొకరు, మధ్యలో నెలనెలా అద్దె మీద అద్దె వసూలు చేసుకునేది మూడోవారు. ఇది ఊరందరికీ తెలిసిన రహస్యం. ఎజెండా పేరాలో మాత్రం "యథాతథంగా కొనసాగించుటకు" అన్న రెండు ముక్కల్లో సర్దుకుపోతుంది.

ఔట్‌సోర్సింగ్ కొనసాగింపు అంశం ఇంకో రకం. గడువు తీరిన ప్రతిసారీ అదే పేరా మళ్ళీ వస్తుంది. తెల్లవారుజామున వీధులూడ్చే మనుషుల ఉద్యోగం ఒక ఎజెండా నుంచి ఇంకో ఎజెండాకి వేలాడుతూ ఉంటుంది. తీర్మానం ఒక నెల ఆలస్యమైతే జీతం బిల్లు ఆగుతుంది. ఏళ్ళ తరబడి శాశ్వతంగా ఉన్న పనికి తాత్కాలిక మనుషుల్ని ఎందుకు పెట్టుకుంటున్నామో ఒక్క సభలోనైనా పది నిమిషాలు మాట్లాడుకున్నారా అంటే, నేను చదివిన వార్తల్లో అయితే కనపడలేదు.

లేఅవుట్ ఖాళీ స్థలాల అంశాలు మరీ జాగ్రత్తగా చదవాల్సినవి. లేఅవుట్ వేసినప్పుడు పార్కుకని, సామాజిక అవసరాలకని వదిలిన స్థలం గిఫ్టు డీడు ద్వారా మునిసిపాలిటీ పేరు మీదికి వస్తుంది. అప్పట్నుంచి దాని కాపలాదారు కౌన్సిలే. కొన్నేళ్ళు పిచ్చిమొక్కలు మొలిచాక ఒకరోజు ఎజెండాలో ఆ సర్వే నంబరు కనిపిస్తుంది. ఏదో సంఘానికి భవనం, ఏదో శాఖకి ఆఫీసు, ఏదో ట్రస్టుకి నామమాత్రపు లీజు. బెంగుళూరులో ఇలాగే పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకి ఇస్తే, అక్కడ కాపురమున్నవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. కాలనీ వాళ్ళకి అడిగే హక్కు లేదన్న వాదననీ కొట్టేసింది. బెంగుళూరు మెడికల్ ట్రస్టు కేసుగా ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తుంటారు. అయితే ఆ కాలనీ వాళ్ళు హైకోర్టు, సుప్రీంకోర్టు చుట్టూ ఎన్నేళ్ళు తిరిగి ఉంటారో ఆలోచించండి. ముందే ఒక కాగితం చేతికొస్తే ఒక సాయంత్రం పదిమంది వెళ్ళి చైర్‌పర్సన్‌తో మాట్లాడితే సరిపోయే పని కూడా అయి ఉండొచ్చు.

ఇక ర్యాటిఫికేషన్. ఎజెండాలో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే భాగం ఇదే. కమిషనర్ అత్యవసరమని చెప్పి "ముందస్తు ఆమోదం" మీద పని చేయించేస్తారు. పని అయిపోతుంది, కొన్నిసార్లు బిల్లు కూడా అయిపోతుంది. ఆ తర్వాత కౌన్సిల్ దానికి ఆమోదముద్ర వెయ్యాలి. వెయ్యకపోతే ఏం చేస్తారు, వేసిన కాలువ తవ్వి తీసేస్తారా? పైపు పగిలి బజారంతా నీళ్ళయినప్పుడు సభ పెట్టేదాకా ఆగమని ఎవరూ అనరు. వానాకాలం ముందు పూడిక తియ్యాల్సి వస్తుందని మాత్రం ముందే తెలుసు కదా. వేసవిలో ట్యాంకర్లు కావాలనీ, పండగలకి లైట్లు కావాలనీ క్యాలెండర్ చూసే ప్రతివాడికీ తెలుసు. అయినా ప్రతి ఏడాదీ ఇవి "అత్యవసర" పనులుగానే వస్తాయి. ఒకే రోడ్డు పనిని మూడు నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క టెండరు పిలవాల్సిన పరిమితికి కింద ఉండేలా చూసి, నామినేషన్ మీద ఇచ్చేయడం ఇంకో అలవాటు. ఎజెండాలో ఆ ముక్కలు పక్కపక్కన ఉండవు. పన్నెండో అంశం ఒకటి, ఇరవై ఏడో అంశం ఒకటి. మొత్తం కాగితాలు ముందు పెట్టుకుని చదివేవాడికే ఆ అతుకు కనిపిస్తుంది.

టేబుల్ ఎజెండా దీనికి అన్నయ్య. ముందు పంపిన ఎజెండాలో లేని అంశాలు సభ మొదలయ్యాక టేబుల్ మీదికి వస్తాయి. సభ్యులకి ఒక ప్రతి పంచుతారు, కొన్నిచోట్ల అదీ ఉండదు, సెక్రటరీ నంబర్లు గబగబా చదివేస్తారు. వివాదం లేనిదైతే ముందే పెట్టొచ్చు కదా అన్న సందేహం ఎవరికైనా రావాలి. పోడియం ముందు గొడవ జోరుగా ఉన్నప్పుడే ఇవి దాటిపోవడం ఎక్కువ. గొడవ చేసేవాళ్ళు కావాలని చేస్తారని నేననను. కానీ ఆ గొడవ వల్ల లాభపడేది ఎవరో గొడవ చేసేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి.

వేరే దేశాల్లో దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1953 నుంచి బ్రౌన్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. నగర కౌన్సిల్ మామూలు సమావేశానికి 72 గంటల ముందు ఎజెండా జనానికి కనిపించేలా పెట్టాలి. అందులో లేని అంశం మీద, ఏవో కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, సభ నిర్ణయం తీసుకోకూడదు. జనం వచ్చి మాట్లాడవచ్చు. ఇంగ్లండులో కౌన్సిల్ ఎజెండా, దానితోపాటు అధికారుల నివేదికలు అయిదు రోజుల ముందే ప్రజలకి అందుబాటులో ఉండాలి. అక్కడ కౌన్సిల్ సభల్లోకి జనాన్నీ విలేకరుల్నీ రానివ్వాలన్న 1960 నాటి చట్టాన్ని ప్రైవేటు బిల్లుగా తెచ్చింది అప్పుడే కొత్తగా ఎంపీ అయిన మార్గరెట్ థాచర్. ఆమె తర్వాత చేసిన పనుల మీద నాకు సవాలక్ష అభ్యంతరాలున్నాయి, ఈ ఒక్కటి మాత్రం మంచి పనే.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉండాల్సినంత ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు రాసి ఇవి మునిసిపాలిటీలకి అప్పగించదగినవి అంది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు ఉండాలంది. తెలంగాణ 2019 నాటి మునిసిపాలిటీల చట్టంలో ఇంకో అడుగు ముందుకేసి ప్రతి వార్డుకీ యువకులవి, మహిళలవి, వృద్ధులవి, ప్రముఖులవి అని నాలుగు కమిటీలు పెట్టమన్నారు. మీ వార్డులో ఆ నాలుగింటిలో ఒక్కటైనా ఈ ఏడాది కూర్చుందేమో కనుక్కోండి. పల్లెల్లో గ్రామసభకి రాజ్యాంగంలోనే చోటుంది. ఓటరు పేరున్న ప్రతివాళ్ళూ వెళ్ళి కూర్చోవచ్చు, అడగవచ్చు. పట్టణంలో ఓటర్లంతా కూర్చునే సభ అంటూ రాజ్యాంగం ఏదీ చెప్పలేదు. పల్లె నుంచి పట్టణానికి వచ్చినవాడు నల్లా, వీధిలైటు సంపాదించుకుని సభలో లేచి అడిగే హక్కు పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు నా వాదనకి ఎదురయ్యే అసలు ప్రశ్నకి వస్తాను. "కౌన్సిల్ చేతిలో ఏముందండీ, అన్నీ పైనుంచి వచ్చేవే కదా, ఎజెండా చదివి ఏం లాభం?" అని మునిసిపల్ వ్యవహారాలు బాగా తెలిసినవాళ్ళే అంటుంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఆంధ్రప్రదేశ్ ఆస్తి పన్ను సంగతే చూడండి.

2020 మే నెలలో కరోనా ప్యాకేజీలో భాగంగా కేంద్రం రాష్ట్రాలకి ఆ ఏడాది అప్పుల పరిమితిని రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. పెంచిన దాంట్లో సగానికి, అంటే 1 శాతానికి షరతులు పెట్టింది. నాలుగు సంస్కరణలు, ఒక్కోదానికి 0.25 శాతం. అందులో ఒకటి పట్టణ స్థానిక సంస్థలది. ఆస్తి పన్ను కనీస రేట్లు రిజిస్ట్రేషన్ విలువలకి తగ్గట్టు ఉండాలి, నీళ్ళకీ డ్రైనేజీకీ యూజర్ చార్జీలు ఖర్చుకి తగ్గట్టు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2020 చివర్లోనే చట్టం మార్చింది. అంతకుముందు ఇంటికి రాగల వార్షిక అద్దె విలువ మీద ఉండే పన్ను, ఆస్తి మూల విలువ, అంటే రిజిస్ట్రేషన్ లెక్కల్లో ఉండే ధర మీదికి మారింది. ఈ సంస్కరణ అందరికంటే ముందు పూర్తి చేసిన రెండు రాష్ట్రాల్లో ఒకటిగా 2021 జనవరిలో 2,525 కోట్ల అదనపు అప్పుకి అనుమతి వచ్చింది. కొత్త పన్ను 2021 ఏప్రిల్ నుంచి. పెంపు ఏడాదికి 15 శాతం దాటదని ప్రభుత్వం హామీ ఇచ్చింది. దాటకపోవడం సంతోషమే. కానీ ఏటా 15 శాతం చొప్పున పెరుగుతూ పోతే అయిదేళ్ళకి రెట్టింపవుతుందన్న లెక్క కూడా హామీ పక్కనే చెప్పి ఉండాల్సింది.

ఇదంతా జరిగిన కాలంలో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల్లో కౌన్సిళ్ళే లేవు. పాత పాలకవర్గాల గడువు 2019 జూలైలో అయిపోయింది. ఎన్నికలు 2020 మార్చిలో మొదలై కరోనాతో ఆగి 2021 మార్చి 10న జరిగాయి. చట్టం మారిన రోజున అడగాల్సిన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కొత్త కౌన్సిలర్లు వచ్చి కూర్చునేసరికి ప్రశ్న మారిపోయింది. ఈ పద్ధతి కావాలా వద్దా అన్నది పోయి, ఇచ్చిన పరిధిలో ఆ విలువ మీద పన్ను శాతం ఎంత పెట్టుకోవాలన్నది మిగిలింది. చెత్త సేకరణ చార్జీలదీ ఇంచుమించు ఇదే దారి. 2021 అక్టోబరులో రాష్ట్ర కార్యక్రమంగా వచ్చింది, జనం చెత్త పన్ను అని పేరు పెట్టి తిట్టుకున్నారు, 2024లో రాష్ట్ర ప్రభుత్వమే రద్దు చేసింది. పెట్టిందీ తీసిందీ పైవాళ్ళే. వసూలుకి గడప గడపా ఎక్కిందీ, తిట్లు తిన్నదీ మునిసిపల్ సిబ్బంది.

కాబట్టి "అన్నీ పైనుంచే" అన్న మాటలో నిజముంది. నేను దాన్నుంచి తీసుకునే అర్థం మాత్రం వేరు. పైనుంచి వచ్చినదాన్ని కౌన్సిల్ ఒక గంటలో, చదవకుండా, మిగతా అంశాలతో కలిపి మోసేస్తుందన్న నమ్మకం ఉండబట్టే పైవాళ్ళు అలా పంపగలుగుతున్నారు. శాతం ఎంత ఉండాలన్న అంశం వారం ముందు వీధిలోకి వచ్చి ఉంటే, ప్రతి కౌన్సిలర్ ఇంటి ముందూ నలుగురు నిలబడి ఉండేవాళ్ళు. అప్పుడు తగ్గించేవాళ్ళో లేదో నేను చెప్పలేను. కనీసం ఎవరు పెంచమన్నారు, ఎందుకు పెంచమన్నారు, ఏ అప్పు కోసం పెంచారు అన్నది సభలో ఒకరు అడిగేవాళ్ళు, ఇంకొకరు జవాబు చెప్పాల్సి వచ్చేది. పన్ను పెంచకూడదని కూడా నేననడం లేదు. ఏళ్ళ తరబడి పన్ను సవరించకుండా వదిలేసి, రోడ్లు మాత్రం బాగుండాలనడం కుదరదు. పెంచే ముందు అడగండి, అంతే.

కౌన్సిళ్ళు లేని కాలం గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తవదు. రాజ్యాంగం అయిదేళ్ళ గడువు తీరకముందే ఎన్నికలు పెట్టాలంటుంది. ఏవో సాకులతో వాయిదా వెయ్యొద్దని 2006లో అహ్మదాబాద్ కేసులో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. విశాఖపట్నం నగరపాలక సంస్థకి 2012 నుంచి 2021 దాకా పాలకవర్గం లేదు. తొమ్మిదేళ్ళు! ఆ మధ్యలో హుద్‌హుద్ తుపాను వచ్చి నగరాన్ని అతలాకుతలం చేసింది, నగరం మళ్ళీ లేచి నిలబడింది, కార్పొరేటర్ మాత్రం ఒక్కడూ లేడు. తెలంగాణలో 2020 జనవరిలో గెలిచిన మునిసిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో తీరింది, ఆ ఏడాదంతా పాలకవర్గం బదులు ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసర్లే. బెంగుళూరులో 2020 సెప్టెంబరు నుంచి, ముంబైలో 2022 మార్చి నుంచి ఏళ్ళకేళ్ళు ఇదే కథ. మన రెండు రాష్ట్రాలకే పరిమితమైన జబ్బు అనుకునే వీలు లేదు.

స్పెషల్ ఆఫీసర్ పాలనలో తీర్మానం అంటే ఫైలు మీద సంతకం. ప్రతిపాదన పెట్టేది ఒక అధికారి, ఆమోదించేది ఇంకో అధికారి, ఇద్దరి గదులూ ఒకే వరండాలో. రసాభాసని వెక్కిరించేవాళ్ళం ఆ కాలంలో రసాభాస కోసం ముఖం వాచిపోతాం. మా దగ్గర స్పెషల్ ఆఫీసర్ ఉన్నప్పుడే పనులు బాగా జరిగాయి, కార్పొరేటర్ల పీడ వదిలింది అనేవాళ్ళనీ విన్నాను. పనులు జరిగి ఉండొచ్చు. ఏ పని ముందు, ఏ వీధి ముందు అని ఎవరు నిర్ణయించారో మాత్రం వాళ్ళు కూడా చెప్పలేరు. అందుకే ఎజెండా ముందే బయటపెట్టాలన్న నియమం స్పెషల్ ఆఫీసర్‌కి మరింత గట్టిగా వర్తించాలి. సంతకం పెట్టబోయే జాబితా వారం ముందు బోర్డు మీద ఉండాలి.

హైదరాబాదు చూస్తే ఇంకో భయం. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలు, కార్పొరేషన్లు జీహెచ్ఎంసీలో కలిసిపోయాయి. 150 వార్డులు 300 అయ్యాయి. అంతకుముందు చిన్న మునిసిపాలిటీలో మన వీధి పేరు ఎజెండాలో కనిపించే అవకాశం ఉండేది. అంత పెద్ద సంస్థలో వీధి పేరు సర్వసభ్య సమావేశం దాకా రాదు. కొంత స్టాండింగ్ కమిటీలో, కొంత కమిషనర్ దగ్గర, కొంత జోనల్ ఆఫీసులో తేలిపోతుంది. ఆ మూడు చోట్లా ఎజెండా అన్నదాన్ని మామూలు మనిషి చూసే వీలెక్కడిది? విలీనం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నిర్ణయం జరిగే గది మారినప్పుడు కిటికీ కూడా ఆ గదికి మార్చాలని మాత్రం అంటాను.

"ముందే బయటపెడితే బ్రోకర్లు చొరబడతారు, రోడ్డు వెడల్పు ఎక్కడో తెలిసిపోతే భూముల ధరలు పెంచేస్తారు" అని ఒక అధికారి నాతో వాదించాడు. నాకు నవ్వొచ్చింది. రోడ్డు వెడల్పు ఎక్కడో బ్రోకర్లకి తెలియదా? మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద గీత ఎటు వంగుతుందో తెలియాల్సినవాళ్ళందరికీ ముందే తెలుసు. తెలియనిది ఆ గీత మీద ఇల్లున్నవాడికే. వాడికి తెలిసేది గోడ మీద ఎర్ర రంగు మార్కు పడ్డాక. రహస్యం వల్ల నష్టపోయేది ఎప్పుడూ వాడే.

"ఎవరు చదువుతారండీ" అన్న మాట కూడా వింటుంటాం. అందరూ చదవరు, చదవక్కర్లేదు. వార్డులో ఒక రిటైరైన ఇంజనీరు, ఒక విలేకరి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగిరీ చేసి అలవాటైన ఒక గృహిణి చాలు. అంచనాలో కంకర లెక్క తప్పితే ఇంజనీరు పట్టేస్తాడు. ఒకే కాలువకి రెండేళ్ళలో రెండుసార్లు డబ్బులు పెడితే ఆ వీధిలో ఉన్నావిడ పట్టేస్తుంది. అప్పటికింకా టెండరు పిలవలేదు కాబట్టి ఆ తప్పు సరిదిద్దుకోవడం ఆఫీసుకీ సులువే. మంచి కమిషనర్‌కి ఇది సాయమే కానీ బెడద కాదు. పైరవీ వచ్చినప్పుడు "జనం అప్పుడే చూసేశారు సార్, ఇప్పుడు మార్చలేను" అని చెప్పుకోవడానికి ఆయనకో ఆధారం దొరుకుతుంది.

వింతేమిటంటే లెక్కల విషయంలో ఈ పని ఇప్పటికే జరిగింది. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు కావాలంటే మునిసిపాలిటీలు తమ వార్షిక లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలన్న షరతు వచ్చింది. డబ్బు ఆగుతుందనేసరికి పెట్టారు. సర్వరు లేదు, సిబ్బంది లేరు అన్న కారణాలు అప్పుడు వినపడలేదు. అంటే ఖర్చయిపోయిన డబ్బు లెక్క మనం చూడొచ్చు. ఖర్చు పెట్టబోయే డబ్బు కాగితం చూడ్డానికే మనకి వీల్లేదు. రాష్ట్ర ప్రభుత్వాలు ఒక జీవో ఇచ్చి, ఎజెండా వారం ముందు పెట్టని సంస్థ తీర్మానాల మీద బిల్లులు పాస్ చెయ్యొద్దని ట్రెజరీకి చెప్తే నెల తిరక్కుండా అన్ని ఎజెండాలూ ఆన్‌లైన్లో ఉంటాయి.

జీవో వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎవరూ అడగకుండానే తమంతట తాము వెల్లడించాల్సిన వాటి జాబితా ఇస్తుంది. తమ కౌన్సిళ్ళు, కమిటీల సమావేశాలకి జనం రావచ్చా, వాటి మినిట్స్, అంటే సభలో జరిగినదాని రికార్డు, జనానికి అందుతాయా అన్నది ప్రతి సంస్థా ప్రకటించాలని అందులో ఉంది. వెల్లడించేటప్పుడు స్థానిక భాషని దృష్టిలో పెట్టుకోవాలనీ ఉంది. చాలామంది చేసే పని ఏమిటంటే, వచ్చే సమావేశం ఎజెండా కావాలని మామూలు దరఖాస్తు పెట్టడం. జవాబుకి 30 రోజుల గడువుంది, ఆలోపు సభ అయిపోతుంది, జవాబు వచ్చేసరికి అది చరిత్ర. అందుకని ఒక్క సమావేశానికి కాకుండా, నాలుగో సెక్షన్ కింద మీ సంస్థ ఏమేం వెల్లడించిందో, సమావేశాలకి జనాన్ని రానిస్తారో లేదో, మినిట్స్ ఎక్కడ దొరుకుతాయో రాతపూర్వకంగా అడగాలి. గత ఏడాది ఎజెండాలు, టేబుల్ ఎజెండాలు, ముందస్తు ఆమోదంతో చేసిన పనుల ఫైళ్ళు ఆఫీసుకి వెళ్ళి స్వయంగా తిరగేస్తామని కూడా అందులోనే రాయొచ్చు. రికార్డులు తనిఖీ చేసుకునే హక్కు ఆ చట్టంలోనే ఉంది. ఏడాది ఎజెండాలు ఒకచోట పెట్టి చూస్తే మళ్ళీ మళ్ళీ వచ్చే కాంట్రాక్టరు పేర్లు, మళ్ళీ మళ్ళీ వచ్చే అత్యవసరాలు వాటంతటవే బయటపడతాయి. ఆ జాబితా తీసుకుని మీ కౌన్సిలర్ దగ్గరికి సభకి ముందు రోజు వెళ్ళండి. వచ్చే ఎజెండా ప్రతి ఆయన దగ్గర ఎలాగూ ఉంటుంది. అది చూపించకూడదని ఏ చట్టమూ ఆయనతో చెప్పలేదు.